రికార్డులో 98 అనే రాయనివ్వండి

మదనపల్లె వైపు ఒక పల్లె బడిలో నేను తొమ్మిదో తరగతి చదివేటప్పుడు సైన్సు సారు బీకరులో నీళ్లు మరగబెట్టి, నన్ను పిలిచి థర్మామీటరు చూడమన్నారు. నీళ్లు తెర్లుతున్నాయి. పాదరసం మాత్రం 98కి కాస్త కిందనే ఆగిపోయింది. చూసిందే చెప్పాను. "సరిగ్గా చూడరా, వంద ఉంటుంది" అన్నారాయన. మళ్లీ చూశాను, కదల్లేదు. రికార్డులో వంద అని రాశాను. పదికి పది మార్కులు వచ్చాయి.

ఆ మార్కులు నాకు రావలసినవి కావు. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. పుంగనూరు, కుప్పం కూడా కాస్త అటూ ఇటూగా అంతే. పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గితే నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ లెక్క. మూత బిగించని గిన్నెలో వంద డిగ్రీలకు మరిగే నీళ్లు మా సీమలో లేవు. ఆ సంగతి నాకు తెలిసేసరికి ఉద్యోగంలో చేరి ఏళ్లయింది.

అప్పటినుంచి బిడ్డల చదువు గురించి ఎవరడిగినా కింది ఏడు సలహాలే ఇస్తున్నాను. ఇవి పిల్లల్ని చెడగొట్టే సలహాలని చాలామంది అన్నారు. నేను మాత్రం ఒక్కటీ వెనక్కి తీసుకోను.

1. పుస్తకంలో ఉన్నది వదిలి, కంటికి కనిపించింది రాయమనండి.

థర్మామీటరే తప్పేమో అని బిడ్డ అడిగితే ఇంకా మంచిది. అదే థర్మామీటరును 1,200 మీటర్లకు పైన ఉన్న హార్స్‌లీ కొండకు తీసుకుపోయి మళ్లీ నీళ్లు కాచండి. 96 దగ్గరికి దిగితే ఎత్తు సంగతి తేలిపోతుంది. నీడ కూడా ఇలాంటిదే. మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడని అందరం అంటాం. కుప్పంలో అది ఏడాదికి రెండు రోజులే నిజం. ఏప్రిల్ చివరి వారంలో ఒకరోజు, ఆగస్టు మూడో వారంలో ఒకరోజు. అదీ పన్నెండుకు కాదు, పన్నెండుంపావు ప్రాంతంలో. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం మీది సమయం చూపిస్తుంది, కుప్పం దానికి నాలుగు డిగ్రీలు పడమరన ఉంది. నేలలో ఒక కర్ర నిలబెట్టి వారం రోజులు నీడ కొలిచిన బిడ్డకు భూగోళం పాఠం సగం వచ్చినట్టే.

2. పాఠం చెప్పకముందే లెక్క ఇవ్వండి.

ఇద్దరు రైతులు పది రోజులు మదనపల్లె మార్కెట్‌కు టమోటా తోలారు. ఇద్దరికీ సగటు ధర ఒకటే. ఎవరి ధర నిలకడగా ఉంది? నిలకడను ఒక్క అంకెలో చెప్పాలంటే ఎలా? సూత్రం చెప్పకుండా ఒక పూటంతా పిల్లల్ని తంటాలు పడనివ్వండి. ఒకరు ఎక్కువలోంచి తక్కువ తీసేస్తారు, ఇంకొకరు ఏ రోజుకారోజు తేడా కూడతారు. ఏదీ పూర్తిగా కుదరదు. ఆ తర్వాత మీరు నల్లబల్ల మీద ప్రామాణిక విచలనం రాస్తే, అది తమకు కావలసిన వస్తువని వాళ్లకు తెలిసిపోతుంది. సింగపూర్ బడుల్లో మను కపూర్ అనే పరిశోధకుడు ఇలాంటి లెక్కలతోనే చేసి చూశారు. ముందు తంటాలుపడి తర్వాత పాఠం విన్న పిల్లలకే విషయం లోతుగా అర్థమైంది.

3. తప్పు జవాబు మీద ఎర్ర గీత పెట్టకండి.

అర, మూడో వంతు కలిపితే ఎంతంటే ఐదింట రెండు అని రాసే బిడ్డలు ప్రతి తరగతిలో ఉంటారు. పైవి పైవి, కిందవి కిందవి కూడేశారు. కొట్టేసి సరైన జవాబు రాస్తే వాళ్లకు మిగిలేది భయం ఒక్కటే. పక్కన కూర్చుని అడగండి: "అర ముద్ద సంగటి తిన్నావు. ఇంకో మూడో వంతు ముద్ద తిన్నావు. మొత్తం తిన్నది అరకంటే ఎక్కువా, తక్కువా?" ఎక్కువే అంటారు. "మరి ఐదింట రెండు అరకంటే ఎక్కువా?" అక్కడ బిడ్డ ఆగిపోతుంది. ఆ ఆగిన క్షణంలోనే భిన్నాలు మొదలవుతాయి. తొందరపడి దాన్ని మీ మాటతో నింపకండి.

4. అంగట్లో లెక్క వచ్చినంత మాత్రాన వచ్చిందనుకోకండి. బళ్లో వచ్చినా అంతే.

ఆర్థికశాస్త్రవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోల బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే వెయ్యిమందికి పైగా పిల్లల్ని పరీక్షించి 2025లో నేచర్ పత్రికలో ఫలితాలు రాసింది. సరుకుల ధర నోటిలెక్కతో చెప్పి చిల్లర తప్పకుండా ఇచ్చే పిల్లల్లో చాలామంది కాగితం మీది భాగహారం చేయలేకపోయారు. కాగితం మీద చేసే బడిపిల్లలు బజారు లెక్క దగ్గర తడబడ్డారు. ఒక చోటి తెలివి దానంతటదే ఇంకో చోటికి నడిచిపోదు. మనమే చెయ్యిపట్టి నడిపించాలి. బిడ్డను టమోటా మార్కెట్‌కు తీసుకుపోండి, క్రేట్ల లెక్క చేయించండి, ఇంటికొచ్చాక అదే లెక్కను గుర్తులతో రాయించండి. మర్నాడు రాసిన లెక్క ఇచ్చి, దానికి సరిపోయే బేరం కల్పించమనండి. అర, పావు, ముప్పావు, వీసం అనే మన మాటలు ఈ రెండింటి మధ్య మంచి వంతెన.

5. పూర్తిగా రాని బిడ్డ చేతే పాఠం చెప్పించండి.

కుప్పం పక్కన గుడుపల్లె మండలంలో అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్‌కు 172 ఎకరాల ప్రాంగణం ఉంది. సైన్సు నమూనాలను వ్యాన్లలో, మోటారుసైకిళ్ల మీద పల్లెబడులకు తీసుకుపోయే సంస్థ అది. 2017 చివర్లో అక్కడే రామానుజన్ మ్యాథ్ పార్కు మొదలైంది. ఆ సంస్థ పనిలో నాకు బాగా నచ్చింది, ప్రభుత్వ బడి పిల్లలనే బోధకులుగా నిలబెట్టి తోటిపిల్లలకు ప్రయోగాలు చెప్పించడం. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ విద్యాసంస్థ వాళ్ల పల్లెబడుల్లో ఇదే ఇంకో రూపంలో కనిపిస్తుంది. వేర్వేరు వయసుల పిల్లలు ఒకే గదిలో కూర్చుంటారు. నిచ్చెనలా పేర్చిన పాఠం కార్డుల్లో ఎవరు ఎక్కడ ఆపారో అక్కడినుంచి అందుకుంటారు, పక్కవాళ్లకు సాయపడతారు. కర్ణాటక అయ్యవార్లు అది చూసిపోయే 1995లో హెగ్గడదేవనకోటలో నలి-కలి అనే బోధనా పద్ధతి మొదలుపెట్టారు. చెప్పబోతేనే కదా తనకు ఎక్కడ తెలియలేదో బిడ్డకు తెలిసేది.

6. పెద్దమాట పలికితే మార్కు వేయకండి.

కిరణజన్య సంయోగక్రియ అని గుక్కతిప్పుకోకుండా చెప్పే బిడ్డను ఊరిబయటి చింతమాను దగ్గరికి తీసుకుపోయి అడగండి: "ఇంత బరువు ఈ మానుకు ఎక్కడినుంచి వచ్చింది?" మట్టిలోంచి అంటుంది. నాలుగు వందల ఏళ్ల కిందట వాన్ హెల్మాంట్ అనే శాస్త్రవేత్త ఒక కుండలో విల్లో మొక్క నాటి, ఐదేళ్లు నీళ్లే పోశాడు. చెట్టు 164 పౌన్లు పెరిగింది, మట్టి తగ్గింది రెండు ఔన్సులు. అంతా నీళ్ల మహిమే అనుకున్నాడాయన. అందులోనూ సగం తప్పే, మాను కట్టెలో ఎక్కువభాగం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి వచ్చింది. ఈ కథ బిడ్డ తమిళంలో చెప్పినా, కన్నడంలో చెప్పినా ఒప్పుకోండి. కుప్పం ఇళ్లలో మూడు భాషలూ ఉన్నాయి. బిడ్డ ఏ భాషలో ఆలోచిస్తుందో ఆ భాషలోనే ముందు అర్థమవుతుంది, పరీక్ష మాట తర్వాత నేర్పవచ్చు.

7. ఎక్కాలు మాత్రం బట్టీ పట్టించండి.

ఇంతవరకూ నాతో వచ్చినవాళ్లు ఇక్కడ కోప్పడతారు. అయినా చెబుతున్నాను. మనసులో ఒకేసారి పట్టే సంగతులు కొన్నే. ఏడెనిమిదులు ఎంతో వేళ్లమీద లెక్కపెట్టుకునే బిడ్డకు, ఆ లెక్క ఎందుకు చేస్తున్నామో ఆలోచించే చోటు మిగలదు. ఇరవై ఎక్కం దాకా నోటికి రావాలి. రోజూ పది నిమిషాలు చాలు. పుస్తకం మూసి అప్పజెప్పించండి, చూసి చదివితే నిలవదు. రెండు రోజులు ఆపి మళ్లీ అడగండి.

తల్లిదండ్రులకు, అయ్యవార్లకు ఒక్క మాట. ఈ ఆదివారం మీ ఇంట్లో, మీ బిడ్డ చేత నీళ్లు కాయించండి. మీరు పక్కనే ఉండి థర్మామీటరు తనకే ఇవ్వండి. ఎంత కనిపిస్తే అంత రాయమనండి. అది వంద కాకపోతే, దయచేసి దిద్దకండి. ఎందుకు కాలేదో బిడ్డతో కలిసి వెతకండి.