నడిగడ్డలో ఏథెన్సు కొలువు

పిల్లవాడిని బడికి పంపకుండా తల్లిదండ్రులే గురువులై, భోజనాల బల్లనే పాఠశాలగా ప్రకటించి చదువు చెప్పే పద్ధతికి గృహవిద్య అని పేరు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా చేసిన 2009 నాటి చట్టం దీనిని పేరుపెట్టి అనుమతించనూ లేదు, ఇలా చదివించే తల్లిదండ్రులను శిక్షించనూ లేదు. పరీక్షల వేళకు సార్వత్రిక విద్యాపీఠం ఎలాగూ ఉన్నది. కనుక పద్ధతి మీద ఆక్షేపణకు తావు లేదు. ఆక్షేపించవలసినది ఆ బల్ల మీద ప్రతిష్ఠించిన ఒక విశ్వాసాన్ని. ఆలోచన అనేది ఏథెన్సులో మాత్రమే పండే పంట అనీ, క్రీ.పూ. 490లో మారథాన్ యుద్ధం జరిగిందని ఆరో ఏట అప్పజెప్పలేని పిల్లవాడు పదహారో ఏట తర్కించలేడనీ ఆ విశ్వాసం బోధిస్తుంది.

దీని పుట్టినిల్లు అమెరికా. జెస్సీ వైజ్, సూసన్ వైజ్ బావర్ అనే తల్లీకూతుళ్లు 1999లో ప్రచురించిన ‘ద వెల్ ట్రెయిన్డ్ మైండ్’ అనే గ్రంథం ప్రపంచ చరిత్రను నాలుగేళ్ల చక్రంగా విభజించి, పన్నెండేళ్లలో ఆ చక్రాన్ని మూడుసార్లు తిప్పమంటుంది. మొదటి ఏడు ప్రాచీన యుగానిది కాబట్టి పాలపళ్లు ఊడకముందే పిల్లవాడికి గ్రీకు వీరులతో పరిచయమవుతుంది. చదువు మొత్తాన్ని వ్యాకరణం, తర్కం, వక్తృత్వం అనే మూడు మెట్లుగా పేర్చే ఐరోపా సంప్రదాయానికి ట్రివియం అని పేరు. తమ నేలకు, తమ గ్రంథాలయాలకు తగినట్లుగా ఆ తల్లీకూతుళ్లు వేసుకొన్న ప్రణాళికలో తప్పేమీ లేదు. ఆ ప్రణాళిక పుస్తకాల పెట్టె డాలర్ల ఖర్చుతో గద్వాలకో వనపర్తికో నాగర్‌కర్నూలుకో చేరినప్పుడే వినోదం మొదలవుతుంది. వ్యాకరణ, తర్క, అలంకార శాస్త్రాల పండితులు సంభావనల కోసం వెతుక్కొంటూ వచ్చిన సంస్థానం కనుకనే గద్వాలకు విద్వద్గద్వాల అన్న పేరు స్థిరపడింది. ఆ కోటగోడ నీడలో కాపురముండి, ట్రివియం అన్న మాట చూసి పులకించే గృహస్థుకు ఆ పేరు ఎందుకు వచ్చిందో తెలియదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. ధర చీటీ అంటించుకొని సీసాలో వచ్చిన ఆకు మాత్రం ముట్టుకోగానే గుణమిస్తుంది.

మెసొపొటేమియా అన్న పేరు ఈ వినోదానికి పతాక సన్నివేశం. గ్రీకులో ‘మెసోస్’ అంటే నడుమ, ‘పొటమోస్’ అంటే నది. టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల నడుమనున్న నేలను గ్రీకులు అలా పిలిచారు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నేలను పాలమూరు జనం నడిగడ్డ అన్నారు. రెండు పేర్ల వెనుకా ఉన్నది ఒకే చూపు. అయినా నడిగడ్డ మీద కూర్చున్న బాలుడు మొదటి పేరుకు పటంలో పసుపు రంగు పూసి మార్కులు పొందుతాడు. రెండవది నాన్నమ్మ నోట విన్నప్పుడు దానికి అర్థమంటూ ఉంటుందని కూడా అనుమానించడు. డోరిక్ స్తంభానికీ అయోనిక్ స్తంభానికీ తేడా చెప్పగల ఆ బాలుడు అలంపురంలో బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మాలయాల ముందు నిలబడినా, తొమ్మిది శివాలయాలకు బ్రహ్మ పేర్లు ఎందుకు వచ్చాయని అడగడు. శ్రీశైలం జలాశయం ముంపు నుంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాళ్లు విప్పి తెచ్చి ఆ ఊళ్లోనే తిరిగి కట్టారు కదా, మునిగిన ఊళ్ల మనుషులు ఎక్కడికి పోయారని కూడా అడగడు. ఆ ప్రశ్నలకు పెట్టెలో వర్క్‌షీట్లు రాలేదు.

అడగకపోవడం గ్రీకు విద్యలో భాగమా అంటే, కాదని గ్రీకు భాషే సాక్ష్యమిస్తుంది. చరిత్రకు ఐరోపా భాషలు వాడే పేరుకు మూలమైన ‘హిస్టోరియా’ అన్న మాటకు విచారణ అని అర్థం, క్రీ.పూ. 5వ శతాబ్దంలో హెరొడోటస్ ఊరూరా తిరిగి, విన్నదానిని మరొకరు చెప్పినదానితో పోల్చి రాసినదానికి ఆ పేరు పెట్టుకొన్నాడు. స్కూలు అన్న మాటకు మూలమైన ‘స్ఖొలే’కు తీరిక అని అర్థం. ఉదయం 6 గంటలకు లాటిన్ ధాతువులతో మొదలై రాత్రి స్పార్టా రాజుల వరుసతో ముగిసే దినచర్య పట్టికలో విచారణకు చోటు లేదు, తీరికకు అసలే లేదు. బడిలోని బట్టీని నిరసించి బయటికి వచ్చిన కుటుంబం, బట్టీ పట్టే సరుకును మాత్రమే మార్చుకొన్నదన్న మాట.

ఇక సోక్రటీసు పద్ధతి సంగతి. ఎదుటివాడి జవాబులోంచే తదుపరి ప్రశ్నను పుట్టించి, అతడి నిశ్చయాన్ని అతడి చేతనే కదిలించడం ఆ పద్ధతి. గృహపాఠశాలలో ప్రశ్నలు అడిగే హక్కు తండ్రిది, జవాబుల పుస్తకం తల్లి చేతిలోది, ఔననడం పిల్లవాడి వంతు. ఏథెన్సు ప్రజాస్వామ్యానికి జన్మస్థానమన్న పాఠం సాగుతుండగా, పేరుకెక్కిన ఆ నౌకాదళానికి డబ్బు ఎక్కడిదని వాడు ఎప్పుడైనా అడిగాడంటే పద్ధతికి నిజమైన పరీక్ష ఎదురవుతుంది. క్రీ.పూ. 483 ప్రాంతంలో లారియన్ గనులలో పడిన వెండితో ఓడలు కట్టించాలని థెమిస్టోక్లీసు పౌరులను ఒప్పించాడనీ, మూడేళ్లకు సలామిస్ వద్ద పారశీకులను గెలిచినవి ఆ ఓడలేననీ పుస్తకం చెబుతుంది. ఆ వెండిని తవ్వింది బానిసలనీ, వారికీ స్త్రీలకూ ఆ ప్రజాస్వామ్యంలో ఓటు లేదనీ చెప్పవలసిన చోట తల్లిదండ్రులు పేజీ తిప్పుతారు. దేశమంతటా ఆనకట్టలకు, కాలువలకు మట్టి తవ్విన వలస కూలీలను పాలమూరు లేబరన్న ముద్రతో పంపిన నేల మీద, తవ్వినవాళ్లెవరన్న ప్రశ్న తట్టడానికి గ్రీకు చదువు అక్కర్లేదు. తట్టకుండా ఉండటానికే అంత ఖరీదైన చదువు కావాలి. పట్టుబట్టి అడిగే పిల్లవాడికి ఏథెన్సు వారు సోక్రటీసుకు ఇచ్చిన విషపాత్రకు బదులు గ్లాసెడు బూస్టు ఇచ్చి పడుకోబెట్టడం ఈ పద్ధతిలోని దయ.

తవ్వినవాళ్లెవరన్న ఆ ప్రశ్నను జీవితకాలపు పనిగా పెట్టుకొన్నవాడు ఈ ప్రాంతంలోనే పుట్టాడు. నడిగడ్డలోని ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాజుల వరుసను పక్కనపెట్టి, జనం ఏమి తిన్నారు, ఏమి కట్టారు, ఏ ఆటలాడారు అని కావ్యాలను గాలించింది. 1952లో వనపర్తి ఓటర్లు ఆయనను శాసనసభకు పంపారు. 1955లో తెలుగుకు దక్కిన తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, ఆయన మరణానంతరం, ఆ గ్రంథానికే వచ్చింది. హెరొడోటస్ చదివి ఉంటే ఆ పుస్తకాన్ని తన దాయాదిగా గుర్తించేవాడు. హెరొడోటస్‌ను బట్టీపట్టిన గృహంలో దాని అట్ట కూడా కనబడదు. హోమరు కావ్యాలు రాతకు ముందు తీగవాద్యంతో కలిసి నోటి మీద బతికాయని వల్లించే బాలుడికి, పన్నెండు మెట్ల కిన్నెర మీద జానపద వీరుడు పండుగ సాయన్న కథ పాడి 2022లో పద్మశ్రీ పొందిన మొగిలయ్య నాగర్‌కర్నూలు జిల్లావాడేనని చెప్పేవారు ఉండరు.

ఇంతవరకు చదివి, గ్రీకులకు సర్వమూ మనమే నేర్పామని ఊరేగింపు తీయబోయే రెండవ వర్గం కూడా కొంచెం ఆగవలసి ఉంటుంది. 2016 అక్టోబర్ 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ జిల్లా కేంద్రాలయ్యాయని వారు గర్వంగా చెప్పుకొనే వాక్యంలోని ‘కేంద్రం’, వృత్తలేఖిని మొనను సూచించే ‘కెంట్రోన్’ అన్న గ్రీకు మాట. జ్యోతిషంతో పాటు సంస్కృతంలోకి వచ్చింది. ముహూర్తాలలోని ‘హోర’ కూడా ఆ దారినే వచ్చింది. ఇచ్చినవాడికీ పుచ్చుకొన్నవాడికీ పరువు తక్కువ కాని ఈ లెక్కను రెండు వర్గాలూ సమానమైన శ్రద్ధతో దాచిపెడతాయి. ఒకరికి అప్పు మాత్రమే, మరొకరికి దానం మాత్రమే కనబడుతుంది.

గద్వాల మగ్గం మీద చీర ఒళ్లు నూలుది, అంచూ కొంగూ పట్టువి. వేర్వేరు పోగులను కలిపి నేసే ఆ అతుకులోనే పనితనమంతా ఉంటుంది. గ్రీకు చరిత్ర పట్టు అంచు అనడానికి ఎవరికీ అభ్యంతరం లేదు, దానికి మంచి ధర పలకడంలో వింత లేదు. నూలు ఒళ్లు నేయడం నామోషీ అనుకొని, పిల్లవాడికి అంచు ఒక్కటే చుట్టి ఊరి నడుమ నిలబెట్టే తల్లిదండ్రులు, వాడు ఎంత అందంగా ఉన్నాడో చూడమని దారిన పోయేవారిని పిలవకుండా ఉంటే పిల్లవాడికే మేలు.