మే నెలలో పట్టుచీర, సెప్టెంబర్‌లో సంస్కృతి

తిరుపతిలో మా వీధిలో ఒక మామ ఉండాడు. వినాయక చవితి వస్తే చాలు, ఆయనకు సంస్కృతి గుర్తొస్తుంది. మొన్న నిమజ్జనం ఊరేగింపు వినాయకసాగర్ వైపు పోతా ఉంటే అరుగు మీద నిలబడి పిల్లోళ్లను చూసి నెత్తి కొట్టుకున్నాడు. పదహారేండ్లోడి చెవికి పోగు. ఇంకొకడికి సగం గుండు, మిగతా సగం రాగి రంగు జుట్టు. మరొకడి ప్యాంటు రెండు మోకాళ్ల దగ్గరా నోరు తెరుచుకుని ఉంది. అందరూ డీజే పెట్టెల ముందర ఒళ్లు మరిచి ఎగురుతా ఉండారు.

“ఏందిరా ఈ యాసాలు? మొగోళ్లా, ఆడోళ్లా? ఇదేనా మన సంస్కృతి?”

నాకు నవ్వు ఆగలేదు. మే నెలలో ఇదే మామను తాతయ్యగుంట గంగమ్మ గుడికాడ చూసినా. అత్త పట్టుచీర, అత్త గాజులు, బజార్లో కొన్న సవరం, దాన్నిండా మల్లెపూలు. రవికలో ఏం కుక్కినాడో అడగలేదు, పెద్దాయన కదా. పలకల మోతకు అడుగేస్తా, ఫోటో తీయమని నన్నే పిలిచినాడు.

తప్పేమీ లేదు. ఈ ఊరి జాతరే వేషాల జాతర. ఆడోళ్లను చెరబట్టే పాలెగాడు అమ్మకు భయపడి దాక్కుంటే, వాణ్ని వెతకడానికి గంగమ్మ పూటకో వేషం కట్టింది. దొర వేషంలో వస్తే నిజం దొరే అనుకుని బయటికొచ్చినాడు, తల పోగొట్టుకున్నాడు. కైకాల వంశస్థులు ఆ వేషాలు కట్టి వీధుల్లో ఇప్పటికీ ఆ కథ నడిపిస్తారు. ఊరు ఊరంతా వాళ్ల వెంట పడుతుంది. బైరాగి వేషం నాడు ఒంటినిండా తెల్ల సుద్ద, బండ వేషం నాడు కుంకుమ, తోటి వేషం నాడు బొగ్గు, వేపాకు. వేషం కట్టినోడు బూతులు తిట్టినా పుణ్యమే. ఇంత చేసిన ఊరికి ఒక పిల్లోడి చెవిపోగు చూస్తే కళ్లు తిరుగుతాయంట!

2024 డిసెంబర్‌లో ‘పుష్ప 2’ వచ్చింది. అల్లు అర్జున్ చీర కట్టి, ఒంటికి నీలం పూసుకుని ఆడితే, హాల్లో మామ పక్కసీటోణ్ని పొడిచి “అది మా ఊరి జాతరప్పా” అన్నాడంట. అదే అర్జున్ మాదిరి జుట్టు పెంచి ఒక భుజం పైకెత్తి నడిచిన పిల్లోడు మాత్రం ఆయన లెక్కలో పోరంబోకు.

ఆ మాటకొస్తే 1987లో ‘పసివాడి ప్రాణం’ చూసొచ్చి, బ్రేక్ డాన్సని రోడ్డు మీద ఒళ్లు మెలికలు తిప్పినందుకు వాళ్ల నాయన చింతబరికె అందుకున్నాడని చెప్పింది మామే. బరికె దెబ్బలు మాని చాలా కాలమైంది, పాపం.

పిల్లోళ్లనూ వెనకేసుకు రాను. “మా స్టైలే వేరు” అంటారు. అందరూ ఒకే సెలూన్‌లో ఫోన్‌లో ఒకే ఫోటో చూపించి గొరిగించుకుంటారు. పైన కమిటీ పేరు అచ్చేసిన ఒకే రంగు టీషర్టు. ఇంత వేరైన వాళ్లలో తన కొడుకెవరో కన్నతల్లికే తెలియదు.

కానీ ఒకటి. ఆ చెవిపోగు నా చెవికి ఏ హానీ చేయలేదు, చేసింది పెట్టెలే. మా కిటికీ అద్దాలు వణికినాయి, గుండె ఆపరేషనైన పక్కింటి అవ్వ దిండు కింద తల పెట్టుకుని పడుకుంది. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మైకులు మూసుకోవాల. ఆ పెట్టెలకు అడ్వాన్సిచ్చింది పదహారేండ్లోడా? చందా పుస్తకం తెరిస్తే మొదటి పేరు మామదే. ఫ్లెక్సీలో వినాయకుడి కన్నా పెద్దగా నవ్వుతా ఉండేదీ ఆయనే.

“పెట్టెల సంగతేంది మామా?” అని అడిగినా.

“అది భక్తి రా,” అన్నాడు.

అంతలో సగం గుండోడు గుంపులోంచి చెమటలు కక్కుతా వచ్చినాడు. చూస్తే మామ సొంత అక్క కొడుకే.

“మామా, వచ్చే జాతరకు అత్త సవరం నాకిస్తావా? నాకు జుట్టు సగమే ఉండాది.”

మామ ఒక్క క్షణం ఆలోచించినాడు.

“అది నాకు కావాల. నువ్వు వేరేది కొనుక్కో.”