నేను లేని చోట వెతుకుతారు

నేను కొంకి పురుగు పిల్లను. పొడవు అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. పుట్టింది కుక్క పెంటలో, పెరిగింది స్వర్ణముఖి నది ఒడ్డు ఇసుకలో. మా అమ్మ కుక్క పేగును కరుచుకుని రోజుకు వేల గుడ్లు పెడుతుంది. అవి పెంటతో పాటు నేల మీద పడతాయి. నేల తడిగా, నీడగా, వదులుగా ఉంటే ఒకటి రెండు రోజుల్లో గుడ్డు పగిలి బయటికి వస్తాం. వారం పది రోజుల్లో రెండుసార్లు కుబుసం మారుస్తాం. రెండోసారి వదులైన కుబుసాన్ని పారేయకుండా ఒంటి మీదే ఉంచుకుంటాం. అప్పటికి నోరు మూసుకుపోతుంది. తిండి లేదు, ఒంట్లో దాచుకున్న కొవ్వే ఆధారం. అది అయిపోయేలోపు ఏదో ఒక ప్రాణి చర్మం తగలాలి. మా అసలు చిరునామా కుక్క, మాలో కొన్ని జాతులకు పిల్లి కూడా. కుక్క పాదం తగిలితే దారి తప్పే ప్రశ్నే లేదు. చర్మం తొలిచి, నెత్తుట్లో పడి, ఊపిరితిత్తుల మీదుగా గొంతుకెక్కి, మింగుడు పడి పేగుకు చేరతాం. కానీ వెచ్చదనం, అలికిడి తగిలాయంటే అది ఎవరి పాదమో మాకు తెలియదు. ఇసుకలో ఆడుకునే పిల్లవాడి మోకాలైనా, కూలికి వచ్చినామె అరికాలైనా ఒకటే. తొలిచేస్తాం.

కథ అక్కడే అడ్డం తిరుగుతుంది. కుక్క చర్మంలో పనికొచ్చే మా రసాయనాలు మనిషి పైచర్మం అడుగున ఉన్న పలుచని పొరను కరిగించలేవు. కిందికి పోలేం, పేగు దాకా చేరలేం, గుడ్లు పెట్టే వయసు రాదు. ఇక అడ్డంగా పాకడమే: రోజుకు కొన్ని మిల్లీమీటర్లు, ఒక్కోసారి ఒకటి రెండు సెంటీమీటర్లు. పోయిన దారి ఎర్రగా ఉబ్బి, వంకరటింకర గీతగా పైకి తేలుతుంది, విపరీతంగా దురద పెడుతుంది. ఈ పాకే దద్దురును 1874లో లండన్ వైద్యుడు రాబర్ట్ లీ వర్ణించాడు. అప్పటి నుంచి ఇప్పటి దాకా మా మీద చేసిన వైద్యమంతా చూస్తే నాకు తోచేది ఒక్కటే. మనుషులు నన్ను నేను లేని చోటే వెతుకుతారు. గీత కొసలో వెతుకుతారు, కోసిన చర్మం ముక్కలో వెతుకుతారు, రోగి మలంలో వెతుకుతారు. ఆఖరికి రోగిలోనే వెతికి ఊరుకుంటారు.

గీత కొస సంగతి ముందు చూద్దాం. ఎర్రగా కనిపించే కొస దగ్గరే పురుగు ఉంటుందని అనుకోవడం సహజం. కానీ ఆ ఎరుపు నేను కాదు, నేను వెళ్లిపోయిన చోట మీ ఒళ్లు పడ్డ కోపం. కోపం రావడానికి కొంత సమయం పడుతుంది, ఆలోగా నేను ఒకటి రెండు సెంటీమీటర్లు ముందుకు పోయి ఉంటాను, పైకి మామూలుగా కనిపించే చర్మంలో. అందుకే కొసను కాల్చినా, గడ్డకట్టించినా, సూదితో గిల్లినా మిగిలేది పుండే. చల్లటి ద్రవాలు పోసి గడ్డకట్టించే పద్ధతి ఒకప్పుడు వైద్యుల్లోనూ ఉండేది. మా వాళ్లు మైనస్ 21 డిగ్రీల చలిలో కూడా అయిదు నిమిషాలకు పైగా బతికినట్టు తేలింది, మనిషి చర్మమేమో అంత ఓర్వదు. చర్మం ముక్క కోసి పరీక్షకు పంపినా ఇదే తంతు. 1926లో ఫ్లోరిడాలో కిర్బీ స్మిత్, డోవ్, వైట్ అనే ముగ్గురు కోసిన చర్మంలో మా పిల్లను పట్టుకున్న మాట నిజమే. అది మేమెవరమో ఇంకా తెలియని కాలం కాబట్టి ఆ కోతకు అర్థం ఉంది. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే కుక్కల్లో, పిల్లుల్లో ఉండే బ్రెజిలియెన్సీ అనే జాతి కొంకి పురుగే దీనికి ముఖ్య కారణమని తేలింది. తెలిసిపోయిన సంగతిని మళ్లీ తెలుసుకోవడానికి ఇవాళ ఒక రోగి కాలు కోయడం అనవసరం.

ఈ వెతుకులాట అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో చిత్తూరు జిల్లా వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. పాడి ఆవులున్న ప్రతి ఊళ్లోనూ పుండుకు పురుగు పట్టడం చూసినవాళ్లే అందరూ. అక్కడ టర్పెంటైన్ నూనె పోసి, ఊపిరాడక పైకి వచ్చిన పురుగుల్ని ఫోర్సెప్స్‌తో ఒక్కొక్కటిగా తీసేస్తారు. అది సరైన వైద్యమే. అవి ఈగ పిల్లలు, కంటికి కనిపిస్తాయి, పుండులోనే ఉండి మాంసం తింటాయి. మనుషుల పుండ్లకూ పడతాయి, ముఖ్యంగా మధుమేహంతో కాలు మొద్దుబారినవాళ్లకూ, మంచాన పడ్డ ముసలివాళ్లకూ. ఆ వైద్యాన్ని నాకు చేస్తే మాత్రం చర్మం కమిలిపోవడం తప్ప ఫలం లేదు. నేను కంటికి కనిపించను, పుండులో ఉండను, నోరు తెరిచి మాంసం తినను. ఇంకో దారి అక్కి రాయించడం. కుమ్మరి చేత జాజుతో రాయిస్తే రెండు మూడు వారాల్లో తగ్గిపోయిందని చెప్పేవాళ్లు అబద్ధమాడటం లేదు. అక్కి దానంతటదే తగ్గేదే, నేనూ చాలాసార్లు వారాల్లో నాకు నేనే చచ్చేదాన్నే. తగ్గడం నిజం, తగ్గించింది జాజు అనడానికి మాత్రం సాక్ష్యం లేదు.

కోత వద్దంటే మరి రోగం ఇదేనని ఎలా నమ్మాలి, కంటితో చూసి చెప్పేది వైద్యమా అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు: గీత కదులుతుంది. ఇవాళ గీత కొస చుట్టూ పెన్నుతో గుర్తు పెట్టి రేపు చూడండి. గుర్తు దాటి ముందుకు పోతే అంతకు మించిన పరీక్ష అక్కర్లేదు. తామర అంచు గుండ్రంగా, రోజుల కొద్దీ నిదానంగా విస్తరిస్తుంది. గజ్జి పురుగు తవ్వే సొరంగం కొన్ని మిల్లీమీటర్లే, వేళ్ల సందుల్లో ఉంటుంది, ఇంట్లో ఇంకొందరు కూడా రాత్రుళ్లు గోక్కుంటూ ఉంటారు. అక్కి ఒక పక్కకే నరం దారిన పొక్కులుగా వస్తుంది, దురద కన్నా మంట ఎక్కువ. ఇవేవీ పాకవు. పాకే మరొకటి ఉంది, దాన్ని పొరబడితే ప్రమాదం కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. స్ట్రాంగిలాయిడిస్ అనే పురుగు పిల్ల పిరుదుల దగ్గర, తొడల మీద గంటకు అయిదు పది సెంటీమీటర్ల వేగంతో పరుగెడుతుంది, కొన్ని గంటల్లో మాయమై మళ్లీ వస్తుంది. దాని సొంత ఇల్లు మనిషి పేగే. ఏళ్ల తరబడి అక్కడే పిల్లల్ని కంటూ ఉంటుంది. ఆ మనిషికి ఉబ్బసానికో కీళ్ల నొప్పికో స్టెరాయిడ్లు మొదలుపెడితే ఒళ్లంతా పాకి ప్రాణం తీయగలదు. అక్కడ మలం పరీక్షా కావాలి, రక్త పరీక్షా కావాలి. రోజుకు సెంటీమీటరా, గంటకు అయిదా అన్న ఒక్క కొలత ఈ రెండింటినీ విడదీస్తుంది. కాబట్టి కంటితో చెప్పడమంటే ఊహించి చెప్పడం కాదు, కాలాన్ని కొలిచి చెప్పడం.

నా విషయంలో రోగి మలం పరీక్ష దండగ. పేగుకు చేరనిదాన్ని గుడ్లెలా పెడతాను? ఇంట్లోవాళ్లకు అంటుకుంటానన్న భయానికీ ఇదే జవాబు. ఒక చర్మం నుంచి ఇంకో చర్మానికి నేను దూకను, పక్కబట్టలు ఉడకబెట్టక్కర్లేదు. మనిషి సొంత కొంకి పురుగుల కథ మాత్రం వేరు. 19వ శతాబ్దం చివర కైరోలో ఆర్థర్ లూస్ అనే శాస్త్రవేత్త చేతి మీద వాటి పిల్లలున్న నీళ్లు ఒలికాయి. చర్మం మండింది. తర్వాత ఆయన తన మలంలోనే వాటి గుడ్లు చూసుకుని, అవి చర్మం గుండా పోతాయని లోకానికి చెప్పాడు. మా బంధువుల్లో సీలానికమ్ అనే జాతి కూడా కుక్కలో ఉంటూనే మనిషి పేగులోనూ కాపురం పెట్టగలదు. అది అసలు గీతే సరిగా గీయదు. చర్మం మీద రోజుల తరబడి పొడుగ్గా సాగే గీత ఉందంటే అది దారి దొరకనివాళ్ల గుర్తు.

నాకు నేనే చస్తానని చెప్పాను కదా, అలాంటప్పుడు మందెందుకని అడగొచ్చు. చావడానికి నాకు వారాలు, కొన్నిసార్లు నెలలు పడుతుంది. ఆ నెలల్లో రోగికి నిద్ర ఉండదు, గోకిన చోట చీము పడుతుంది, మధుమేహం ఉన్న కాలికి ఆ చీమే పెద్ద ముప్పు. ఇటు చూస్తే మందు తేలిక. ఐవర్‌మెక్టిన్ కిలో బరువుకు 200 మైక్రోగ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 12 మిల్లీగ్రాములు. చాలామందికి ఒక్క మోతాదే చాలు, రెండు మూడు రోజుల్లో దురద తగ్గుతుంది. లేదంటే అల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు రోజూ, మూడు నుంచి ఏడు రోజులు. గర్భిణులకూ 15 కిలోల లోపు పిల్లలకూ ఐవర్‌మెక్టిన్ ఇవ్వరు. పసివాళ్లకు పైపూతగా అల్బెండజోల్ కలిపిన మందు రాయిస్తారు. కోవిడ్ రోజుల్లో ఐవర్‌మెక్టిన్ పేరు ఇంటింటా మోగింది. 2021 సెప్టెంబరులో దేశ కోవిడ్ వైద్య మార్గదర్శకాల నుంచి దాన్ని తీసేశారు. వైరస్ మీద అది చేయలేని పని కోసం అందరూ మింగారు, అది నిజంగా చంపేది మా లాంటివాళ్లను. జపాన్ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి సతోషి ఒమురా, అమెరికాలో విలియం క్యాంప్‌బెల్ ఈ మందుకు దారి తీశారు, 2015లో నోబెల్ అందుకున్నారు. మనుషుల కన్నా ముందు, 1980ల మొదట్లోనే, పశువులకు వాడారు. అంత మాత్రాన గొడ్లకిచ్చే సూదిమందును మనిషి వేసుకోవచ్చని కాదు, మోతాదు తప్పితే అదే విషం. కానీ మందు ముందుగా పశువుల కొట్టం నుంచి వచ్చిందన్న సంగతి నా వాదనకు అక్కరకొస్తుంది.

ఎందుకంటే నన్ను వెతకాల్సిన చోటు మనిషి ఒళ్లు కాదు. వైద్యుడు దురద ఎప్పుడు మొదలైందని అడుగుతాడు. అంతకు ముందు కొన్ని రోజుల్లో ఎక్కడ కూర్చున్నావు, ఏ ఇసుక తొక్కావు అని కూడా అడగాలి. తిరుపతి చుట్టుపక్కల అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తడి మాకు పండగ. వేసవి ఎండకు ఎండిన ఇసుకలో మేం ఎక్కువసేపు బతకం. స్వర్ణముఖి ఒడ్డున చెట్ల నీడ, కట్టడాల ముందు పోసిన ఇసుక కుప్ప, తూపిలిపాళెం తీరంలో కుక్కలు పడుకునే చోటు, ఇవి మా ఊళ్లు. దీనికి చాలామంది పాదరక్షల పాఠం చెబుతారు. ఇక్కడ ఒక చిక్కుంది. అలిపిరి నుంచి 3550 మెట్లు చెప్పుల్లేకుండా ఎక్కే భక్తుల్ని చూపి, ఆ ఆచారమే రోగానికి మూలమని తేల్చేయడం తేలిక. అది సరికాదు. ఊడ్చి కడిగే రాతిమెట్ల మీద, ఎండ తగిలే సిమెంటు మీద మాకు నిలువ నీడ లేదు. పాదం చెప్పులేనిదా కాదా అన్నదాని కన్నా, ఆ పాదం కింద తడి ఇసుక ఉందా, ఆ ఇసుకలో కుక్క పెంట ఉందా అన్నదే లెక్క. చెప్పులేసుకున్న పిల్లవాడు ఇసుక కుప్ప మీద కూర్చుంటే నాకు అడ్డేముంది? ఇసుక దింపిన మొదటి రోజు నుంచే కుప్ప మీద పట్టా కప్పితే కుక్క ఎక్కదు. కుక్క ఎక్కిన తర్వాత కప్పితే మాకే నీడ.

కుక్కలే మూలమైతే కుక్కల్ని లేకుండా చేస్తే పోలేదా అని కొందరు అంటారు. చట్టం ఒప్పదు. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం ఆపరేషన్ చేసి, రేబీస్ టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. చట్టం మాట పక్కన పెట్టినా, తిండి దొరికే వీధిలో ఒక కుక్క పోతే మరోటి వస్తుంది, దాని పేగులో మా అమ్మ ఉంటుంది. ఆపరేషన్‌కు పట్టుకున్న రోజునే పైరాంటెల్ గానీ ఫెన్‌బెండజోల్ గానీ మింగించడం తేలిక. ఒకసారి ఇస్తే సరిపోదు, కుక్క మళ్లీ ఇసుక తొక్కుతుంది. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో పిల్లలకు అల్బెండజోల్ మింగించే జాతీయ కార్యక్రమం 2015 నుంచి నడుస్తోంది. అది పిల్లల పేగుల్లోని పురుగుల కోసం, మంచి పనే. నా దాకా మాత్రం అది రాదు, నా గుడ్లు పిల్లల పేగుల్లో లేవు కాబట్టి. ఆ రెండు తేదీలకూ వీధి కుక్కల మందును జత చేస్తే లెక్క మారుతుంది. 1955 నాటి పశువైద్య కళాశాల, 1960 నాటి ఎస్వీ మెడికల్ కాలేజీ ఒకే తిరుపతిలో ఉన్నాయి. గీతతో వచ్చిన పిల్లవాడి చీటీ మీద అతని వీధి పేరు రాసి మెడికల్ కాలేజీ నుంచి పశువైద్య కళాశాలకు పంపితే, ఆ వీధి పెంట నమూనాను చిక్కటి ఉప్పు నీళ్లలో కలిపి చూడవచ్చు. మా గుడ్లు పైకి తేలతాయి. ఆ పరీక్షకు కావాల్సింది ఉప్పు, గాజు పలక, ఒక సూక్ష్మదర్శిని.