సైబీరియా వాక్యమునకు టీకా తాత్పర్యములు

మూలము: "మా ఊరికి సైబీరియా నుంచి పక్షులొస్తాయండీ!"

అవతారిక: గుంటూరు చెంత ఉప్పలపాడు, సూళ్ళూరుపేట దగ్గరి నేలపట్టు, సిక్కోలు సీమలోని తేలినీలాపురము మొదలగు క్షేత్రములలో, మెడలో బైనాక్యులర్లు వేలాడ బస్సు దిగిన అతిథితో టీకొట్టు బల్లమీది పెద్దాయన పలికిన వాక్యమిది. అతిథి ఏమియు అడుగలేదు. అడుగకమున్నే చెప్పుట ఈ వాఙ్మయ లక్షణము.

ప్రతిపదార్థము: మా ఊరికి = పక్క ఊరికి ఎంతమాత్రము కాదు; సైబీరియా నుంచి = చలి మిక్కుటమైనదియు, వక్త ఎన్నడు చూడనిదియునగు దేశమునుండి; పక్షులు = గూడబాతులును ఎర్రకాళ్ళ కొంగలును; వస్తాయి = ఏటేటా, పిలువకయే వచ్చును; అండీ = కాదనకుడని వేడుకోలు.

టీక: గూడబాతనగా ముక్కుక్రింద సంచి గలది, రెక్కలు విప్పిన 7, 8 అడుగులుండునది. దక్షిణభారతమున, అస్సామున, శ్రీలంకలో, కంబోడియాలో దీని గూళ్ళు కలవు. సైబీరియాలో ఒక్కటియు లేదు. 1976లో అభయారణ్యమైన నేలపట్టున, ఈశాన్యపు వానలకు చెరువు నిండగానే, నీట నిలిచిన కడప చెట్లపై గూళ్ళు కట్టి గుడ్లు పెట్టును. పిల్ల తల్లి గొంతుసంచిలో తల దూర్చి చేపలు తినును. రెట్టలు చెరువున కలిసి క్రింది పొలములకు ఎరువగును. (యూరియా అమ్మువారు ఈ ప్రకరణము దాటవేయుదురు.)

చలికి జడిసి ఉత్తరమునుండి వచ్చు పక్షి ఇచట మేయును, గుడ్డు పెట్టదు. కాపురమునకు మరల ఉత్తరమునకే పోవును. కొల్లేటికి వచ్చు సూదితోక బాతు అట్టిది. నిజమైన దూరపు చుట్టమది. కాని పొట్టిది, బూడిదరంగుది, నీట తలక్రిందులై తోకయెత్తి మేయునది. కావున దాని పేరు చెప్పి మీసము దువ్వినవాడు లేడు.

శంక: అట్లయిన సైబీరియా ఎచటినుండి వచ్చె?

సమాధానము: రాజస్థానమున భరత్‌పూరునకు సైబీరియా కొంగలు నిజముగా వచ్చుచుండెను. 2002 తరువాత రాలేదు. పక్షులు ఆగిపోగా వాటి బిరుదు మాత్రము దక్షిణమునకు వలసవచ్చినదని నా ఊహ.

విశేషము: తేలినీలాపురమువారు ఈ పక్షులను పురిటికి వచ్చిన ఆడపడుచులందురు. చింతకొమ్మపై వాలిన పక్షిపై రాయి విసరిన పిల్లవానికి వీపు మోగును. ఆడపడుచు కాన్పుకు వచ్చునది పుట్టింటికే కదా! అనగా సైబీరియా లేని అత్తవారిల్లు. పిల్లను పొరుగు తాలూకాలో ఇచ్చితిమనుటకు మొగమాటపడి ఫారిన్ సంబంధమని చెప్పుట మనలో ఉన్నదే. వ్యాఖ్యాతకు మాత్రము ఆడపడుచు అనునదే చాలును, వీసా అక్కరలేదు.

తాత్పర్యము: "మా ఊరు చూడండి, కాసేపు కూర్చోండి, టీ తాగండి" అని. అతిథి తన దేశపు పక్షుల ముచ్చట ఎత్తబోయిన, వక్త ఇంకొక టీ చెప్పి మరల తన పక్షులకే వచ్చును.

పాఠాంతరము: ఆటోవారి ప్రతిలో "ఆస్ట్రేలియా నుంచి" అని కలదు. దూరము పెరిగినకొలది కిరాయి పెరుగును గావున వారి శాస్త్రమున అదియే సాధువు.