దా అంటే పోయే కుక్క

ముప్పై మూడేండ్లు తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యాను. విభక్తులంటే పారిపోయినవాళ్లు కూడా నా దగ్గర ఎంతోకొంత తెలుగు నేర్చుకునే బడి దాటారు. ఒక్కడు మాత్రం ఇప్పటికీ లొంగలేదు. పైగా వాడి కోసం తొమ్మిది వేలు ఎదురు ఫీజు కట్టింది నేనే. వాడు కుక్క.

కథ కోతులతో మొదలైంది. చొప్పదండి దగ్గర మాకు రెండెకరాల మక్క చేను ఉంది. మా దిక్కు మక్క వేసిన రైతుది మూడో వాటా. పగలు కోతులది మొదటి వాటా, రాత్రి అడివిపందులది రెండో వాటా, వాళ్లు తినగా మిగిలిన బెండ్లు మనవి. నిర్మల్ పక్కన చించోలిలో 2020లో కోతుల కోసమే పునరావాస కేంద్రం తెరిచారు. మా చేనికి వచ్చే కోతులకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. చెప్పినా, ఇంత మంచి పునరావాసం ఇక్కడే దొరుకుతుంటే అంతదూరం ఎందుకు పోతాయి?

"బావా, వేటకుక్కను తెచ్చుకో" అన్నాడు మా బామ్మర్ది. "పిల్లను కాదు, పెద్దదాన్ని. పిల్లయితే నీ చెప్పులన్ని కొరికి, పాలపండ్లు ఊడి, ఏడాదిన్నరకు గాని అక్కరకు రాదు. పెద్దదయితే పని నేర్సి ఉంటది. ట్రైనింగైన కానిస్టేబుల్ లెక్క."

మాట నచ్చింది. ఏ పని నేర్చిందని అడిగాం, ఎవరు నేర్పారని అడిగాం. ఏ భాషలో నేర్పారని అడగాలని మాత్రం మా ఇద్దరికీ తోచలేదు. అందులో ఒకడు భాషా పండితుడు.

వేటకుక్కను కావ్యాల్లో జాగిలమంటారు. ఆ మాట ఇంకా బతికి ఉందంటే పోలీసుల పుణ్యమే. ఎక్కడ దొంగలు పడ్డా మర్నాడు పేపర్లో జాగిలాలు రంగంలోకి దిగుతాయి. వేటే పోయింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేటంటే చంపడం ఒక్కటే కాదు. ఉచ్చు పెట్టినా వేటే, ఎర వేసినా వేటే, వెంటపడి తరిమినా వేటే. అసలు ఫారసీలో షికారంటే వేట. అదే మాట తెలుగులోకి వచ్చి, సాయంత్రం నాలుగడుగులు వేసి మిరపకాయ బజ్జీలు తిని రావడమైంది. చట్టం రాకముందే మన భాష వేట మానేసింది. అందుకే ఇంట్లో ముందే షరతు పెట్టాను: గట్టు లోపల కాపలా, గట్టు దాటితే వేట. మన కుక్క గట్టు దాటొద్దు.

వాకబు చేయగా ఆదిలాబాద్ అవతల బేల వైపు, పెన్‌గంగ ఒడ్డు పల్లెలో ఒక ముసలాయన దగ్గర మూడేండ్ల కార్వాన్ కుక్క ఉందని తెలిసింది. కర్ణాటకలో ఈ జాతినే ముధోల్ అంటారు. ముధోల్ రాజా మాలోజీరావు ఘోర్పడే ఒక జంటను ఐదో జార్జి చక్రవర్తికి కానుకగా ఇచ్చాడు. 2005లో తపాలా శాఖ స్టాంపు వేసింది. 2020లో ప్రధానమంత్రి రేడియోలో మెచ్చుకున్నాడు. ఇంత బయోడేటా ఉన్నవాణ్ని మక్క చేనుకు కాపలా పెట్టుకోవడం నాకే మొహమాటమనిపించింది.

జగిత్యాల, ధర్మపురి దాటి, రాయపట్నం వంతెన మీద గోదావరికి దండం పెట్టి, లక్షెట్టిపేట, జన్నారం, ఉట్నూరు మీదుగా పోయేసరికి మధ్యాహ్నమైంది. ముసలాయన వేపచెట్టు కింద నులక మంచం మీద కూర్చున్నాడు. మంచం కింద కుక్క. లేత గోధుమ రంగు, పొడుగు మూతి, లోతైన ఛాతీ, రెండు చేతుల మధ్య ఇమిడే నడుము. మమ్మల్ని ఒకసారి చూసి, చూడదగ్గది ఏమీ లేదన్నట్టు కండ్లు మూసుకుంది.

బామ్మర్ది వారం రోజులు యూట్యూబులో చదివి వచ్చాడు. అరికాళ్ల మెత్తలు నొక్కి పగుళ్లు లేవన్నాడు. చెవులు తిరగేసి పిడుదులు లేవన్నాడు. పెద్ద కుక్కకు 42 పండ్లుండాలని పెదవి ఎత్తి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఇరవై ఆరు దగ్గర కుక్క నోరు మూసింది. కరవలేదు, గుర్రుమనలేదు; పుస్తకం మూసినట్టు నెమ్మదిగా మూసింది. బామ్మర్ది చెయ్యి వెనక్కి తీసుకొని, "కడమయి ఉన్నట్టే లెక్క బావా" అన్నాడు.

ఇక ముసలాయన వంతు. మేం కుక్కను చూడ్డానికి పోయామనుకున్నాం గాని, అది నాకు పెండ్లిచూపులని అప్పుడు అర్థమైంది. చేనెంత? ఇంట్ల ఎందరు? గొలుసేసి కడ్తవా? అన్నింటికీ బుద్ధిగా జవాబు చెప్పాను. చివరికి, "ఉరుకుతవా సాబ్?" అన్నాడు.

"నేనా?"

"ఇది రోజూ ఉరకాలె. ఎంబడి ఎవరో ఒకరు ఉరకాలె గద."

అరవై రెండేండ్ల వయసులో, ముక్కూముఖం తెలియని ఊళ్లో, వేపచెట్టు నుంచి బావి దాకా ఉరికాను. తిరిగి ఉరికొచ్చాను. కుక్క ఒక కన్ను తెరిచి చూసి ఆవులించింది. ముసలాయన చాలాసేపు ఆలోచించి, "చాల్తే" అన్నాడు. నడుస్తుందని అర్థమట. ఉరుకుతుందని అనలేదు.

పైసలు లెక్కపెట్టుకొని, తాను కప్పుకునే గొంగడి నుంచి ఒక ముక్క చింపి నా చేతిలో పెట్టాడు. "రాత్రి దీని మీద పండవెట్టు. వారం దాక నన్ను ఎతుకుతది" అన్నాడు. బండి కదిలాక ఆయన మా దిక్కు చూడలేదు. కుక్క మాత్రం వెనక అద్దంలోంచి ఊరు మలిగేదాకా అటే చూసింది.

తిరుగుదారిలో చీకటి పడింది. జన్నారం అంటే కవ్వాల్ అడవి. 1965 నుంచి అభయారణ్యం, 2012 నుంచి పులుల రిజర్వు. చెక్‌పోస్ట్ దగ్గర గార్డు టార్చి వేసి, "ఇదేం కుక్క సార్?" అన్నాడు.

"యాట..." అని బామ్మర్ది నోరు తెరిచాడు.

"యాటకూర పెడితేనే తింటదట సార్" అని అందుకున్నాను. ముప్పై మూడేండ్ల సమయస్ఫూర్తి ఆ ఒక్క వాక్యానికే సరిపోయింది.

గార్డు టార్చి కుక్క డొక్కల మీదికి తిప్పాడు. "మరి పెడ్తలేరా?" అన్నాడు జాలిగా.

ఈ జాతికి ఆరోగ్యంగా ఉంటేనే పక్కటెముకలు కనబడతాయి. మా వాడకట్టుకు ఆ ముక్క ఎక్కించడం నా తరం కాలేదు. "సారుకు పింఛను సరిగ వస్తలేనట్టున్నది" అని ఒకరు, "పాపం నోరులేని జీవి" అని ఒకరు, గిన్నెల్లో అన్నం తెచ్చి పెట్టారు. నెల తిరగకుండానే ఐదో జార్జికి కానుకిచ్చిన నడుము మా కిరాణా సేటు నడుమంత అయింది.

పేరు వాఘ్యా. మరాఠా దేశంలో ఖండోబా భక్తులను అట్లా పిలుస్తారు. మా ఆవిడ నోట్లో అది 'వాగు' అయింది. వాగు అన్న పేరే గాని వాడు వాగడు. దొంగొచ్చినా, దొర వచ్చినా మొరగడు. భారతంలో పాండవుల వేటకుక్క మొరిగినందుకే గదా ఏకలవ్యుడు దాని నోటినిండా బాణాలు కొట్టింది. ఆ కథ వీడికి ఎవరో చెప్పే ఉంటారు.

అసలు తిప్పలు మొదటి రోజు పొద్దున్నే మొదలయ్యాయి. పాలగిన్నె పట్టుకొని ప్రేమగా "దా, దా" అన్నాను. లేచి వాకిలి దాటి వెళ్లిపోయాడు. "ఏయ్!" అని గద్దించాను. తోకాడిస్తూ వచ్చి కాళ్ల దగ్గర నిలబడ్డాడు. మళ్లీ దా అన్నాను, పోయాడు. తిట్టాను, వచ్చాడు. మా ఆవిడ గడపలో నిలబడి, "ఏందయ్యా, తిడితే గాని దగ్గరికి రాని కుక్కను తెచ్చినవ్?" అంది.

మూడు రోజులు ఓపికపట్టి ముసలాయనకు ఫోన్ చేశాను. ఆయన నవ్వు ఆగడానికే రెండు నిమిషాలు పట్టింది. మరాఠీలో జా అంటే పో. యే అంటే రా. నా దా వాడి చెవికి జా. నా ఏయ్ వాడి చెవికి యే. మూడు రోజులూ వాడు నా మాట జవదాటలేదు. వ్యాకరణం తప్పింది నాదే.

ఇక నేనే పలక పట్టాను. థాంబ్ అంటే ఆగు. బస్ అంటే కూర్చో. సోడ్ అంటే వదులు. ఒకరోజు నడివీధిలో వాఘ్యా బామ్మర్ది లుంగీ అంచు పట్టుకున్నాడు. వాడు ఒక చేత్తో లుంగీ, ఒక చేత్తో పరువు పట్టుకొని గిరగిరా తిరుగుతుంటే నేను "సోడ్! సోడ్!" అని అరిచాను. కిరాణా కొట్టు పిల్లగాడు రెండు గోలీసోడాలు కొట్టి తెచ్చాడు. కంగారులో "బస్! బస్!" అన్నాను. అరుగు మీది ముసలమ్మ సంచి చంకన పెట్టుకొని రోడ్డు మీదికి ఉరికింది. సోడాల పైసలు ఇచ్చాను. ముసలమ్మ మాత్రం ఇప్పటికీ నాతో మాట్లాడదు.

ఇట్లా ఉండగా మక్క పాలుపట్టింది, దండు దిగింది. ఇరవైకి తక్కువ లేవు. ఈ జాతి కుక్క వాసన కంటే చూపును నమ్ముతుంది. కదిలిందే దానికి కనబడేది. ఈ రహస్యం కోతులకు ఎట్లా తెలిసిందో, చేనులో కంకి పట్టుకొని బొమ్మల్లా కూర్చున్నాయి. వాఘ్యా గట్టు మీద అంతకన్నా పెద్ద బొమ్మలా కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండి "ఏయ్! ఏయ్!" అని కోతుల మీద అరిచాను. వాఘ్యా లేచి, వాటికి వీపు తిప్పి నా దగ్గరికొచ్చి మోకాలికి తల ఆనించాడు.

అలసిపోయాను. కోతుల దిక్కు చూసి, కడుపు కాలిన రైతు ఎవడైనా అనేదే అన్నాను. "దా నాయినా, దా. నీ కోసమే వేసిన. దా, దా!"

పక్కన గాలి కదిలినట్టయింది. చూస్తే వాఘ్యా లేడు. మక్క చేను నడుమ ఒక గీత పరుగెత్తుతున్నది. కిచకిచలు, విరిగిన కర్రలు, చేతిలో కంకులు పారేసి గట్టు దాటుతున్న దండు. గట్టు రాగానే "థాంబ్!" అన్నాను. ఆగాడు. గట్టు మీదే, చట్టానికి ఇవతలే.

అప్పటినుంచి రోజూ సాయంత్రం గట్టు మీద నిలబడి, చేతులు చాపి, గొంతులో ఎంత తియ్యదనం ఉంటే అంతా పెట్టి కోతులను పిలుస్తున్నాను. నిన్న పక్క చేను రైతు నాగలి మీద గడ్డం ఆనించి చాలాసేపు చూసి అన్నాడు:

"సారూ, ఉన్న కోతులు సాల్తలేవా?"