భాష కన్నా ముందు వేదిక: ఒక లాప్‌టాప్ ఆత్మకథ

ఈ ఆత్మకథ ఒక పాత లాప్‌టాప్‌ది. తన ఒంట్లోని విడిభాగాల కన్నా తనపై సాగిన ఒక చదువుకే చరిత్రలో చోటు దక్కాలని తలచే ఈ యంత్రం, తన సంగతులను ప్రథమ పురుషలోనే చెప్పుకుంటున్నది. ఆ చదువు యాప్‌ల తయారీకి సంబంధించినది. గురువు లేకుండా, ఉద్యోగం ముగిసిన తరువాతి సాయంత్రాలలో ఒక్కరే కూర్చుని సాగించినది. అటువంటి చదువుకు దిగేవారు మొదట వేసుకునే ప్రశ్న ఏ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవాలన్నది కాగా, ఈ లాప్‌టాప్ అనుభవంలో దానికి ముందే తేల్చుకోవలసినవి రెండున్నాయి: తయారయ్యే యాప్‌ను ఎవరు వాడతారు, వారి చేతిలో ఉన్న పరికరం ఏది. వీటికి జవాబు దొరికితే వేదిక తేలుతుంది. వేదిక తేలితే భాషల జాబితా దానంతట అదే చిన్నదవుతుంది.

ఈ యంత్రం 2013లో తయారైంది. దానిలో మూడవ తరం ఇంటెల్ కోర్ ఐ5 ప్రాసెసర్, 500 జీబీ హార్డ్‌డిస్క్, 4 జీబీ ర్యామ్ ఉండేవి. నడుస్తున్న ప్రోగ్రాములు తమకు అప్పటికప్పుడు కావలసిన సమాచారాన్ని నిలుపుకునే చోటును ర్యామ్ అంటారు. తొలి సంవత్సరాలు హైదరాబాదులోని ఒక కార్యాలయంలో ఉత్తరాలు, జీతాల పట్టికలు టైపు చేయడంతో గడిచాయి. ఆ తరువాత అది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీగా అందరూ పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు చేరి, అక్కడ 8 జీబీ ర్యామ్, తిరిగే పళ్లెం లేకుండా చిప్పులలోనే సమాచారాన్ని దాచే ఎస్‌ఎస్‌డీ అమర్చుకుని, హనుమకొండలో లెక్కలు రాసే ఉద్యోగం చేస్తున్న ఒక బీకాం పట్టభద్రురాలి చేతికి వచ్చింది. దానిలో ఉచితంగా లభించే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఆమె స్వయంగా ఎక్కించుకున్నది.

ఆమెను ఈ చదువుకు పురికొల్పినది ఊళ్లో తండ్రి నడిపే పాల కేంద్రం. అక్కడ ఉదయం, సాయంత్రం రైతులు పాలు పోస్తారు. ఒక్కొక్కరి పాలకు లీటర్లు, వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్, అంటే వెన్న పోగా పాలలో మిగిలే ఘనపదార్థాల శాతం, విడివిడిగా రాసి, ధరల పట్టిక చూసి మొత్తం కట్టి, పది రోజులకొకసారి బిల్లు ఇస్తారు. నోటుపుస్తకంలో సాగే ఈ లెక్కను ఫోనులోకి తేవాలన్నది ఆమె సంకల్పం. అమీర్‌పేటలోని శిక్షణ కేంద్రాలు ఉద్యోగ విపణికి కావలసిన భాషలను వరుసగా నేర్పుతాయి గాని, ఆమెకు కావలసినది ఉద్యోగం కాదు, ఒక నిర్దిష్టమైన పని నెరవేరడం. ఆ స్పష్టత వల్లనే తరువాతి ఎంపికలన్నీ తేలికయ్యాయని ఈ యంత్రం గట్టిగా నమ్ముతుంది.

యాప్ ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీద, ఏ పరికరాలలో, ఏ నిర్మాణ సాధనాలతో నడుస్తుందో ఆ మొత్తాన్ని వేదిక అంటారు. ఫోన్లలో ప్రధాన వేదికలు గూగుల్ వారి ఆండ్రాయిడ్, ఆపిల్ వారి ఐఓఎస్. భారతదేశంలో వాడుకలో ఉన్న స్మార్ట్‌ఫోన్లలో అత్యధిక భాగం ఆండ్రాయిడ్‌వి. ఆ పాల కేంద్రానికి వచ్చే రైతుల ఫోన్లు, తండ్రి ఫోను కూడా అవే. దీనికి తోడు, ఐఓఎస్ యాప్‌ల తయారీకి వాడే ఎక్స్‌కోడ్ అనే సాధనం ఆపిల్ వారి మ్యాక్ కంప్యూటర్ల మీద మాత్రమే నడుస్తుంది కాబట్టి, ఈ లాప్‌టాప్‌కు ఆ దారి పుట్టుకతోనే మూసుకుపోయింది.

ఇక్కడ భాషకూ వేదికకూ ఉన్న తేడాను చక్కగా చూపే విషయం ఒకటున్నది. ఆపిల్ 2014 జూన్‌లో ప్రకటించిన స్విఫ్ట్ భాష 2015 డిసెంబరులో అందరూ చదవగలిగే, మార్చగలిగే బహిరంగ మూలంగా విడుదలై, లినక్స్ మీద కూడా నడవడం మొదలుపెట్టింది. అందువల్ల ఈ లాప్‌టాప్ మీద స్విఫ్ట్ నేర్చుకోవడానికి ఆటంకమేదీ లేదు. అయితే తెర మీద బొత్తాలను, జాబితాలను చూపే ఆపిల్ లైబ్రరీలు, అంటే సిద్ధంగా రాసి ఉంచిన ప్రోగ్రాము భాగాలు, ఆపిల్ పరికరాలను దాటి రావు. భాష చేతికి వచ్చినా వేదిక రాని ఈ స్థితిని గమనించనివారు ఎంతో శ్రద్ధగా చదివిన తరువాత కూడా తమ ఫోనులో తమ యాప్‌ను చూసుకోలేకపోతారు.

ఒకే మూలం నుంచి రెండు వేదికలకూ యాప్ తయారుచేసే పద్ధతులను కూడా ఆమె పరిశీలించింది. ఫేస్‌బుక్ 2015లో విడుదల చేసిన రియాక్ట్ నేటివ్ జావాస్క్రిప్ట్ భాషతో నడుస్తూ, ఫోనులో ఉన్న అసలు తెర భాగాలనే వాడుకుంటుంది. గూగుల్ వారి ఫ్లట్టర్, 2018 డిసెంబరులో తొలి స్థిర రూపం పొంది, డార్ట్ భాషతో నడుస్తూ తెర మీది ప్రతి భాగాన్నీ తానే గీసుకుంటుంది. మార్చిన వాక్యం ఫలితం యాప్‌ను ఆపకుండానే తెరపై కనిపించే సదుపాయం రెండింటిలోనూ ఉన్నందువల్ల, సొంతంగా నేర్చుకునేవారికి ఇవి ఎంతో ఉత్సాహాన్నిస్తాయి. అయినా ఐఓఎస్ రూపాన్ని చివరకు కట్టవలసినది మ్యాక్ మీదనే కాబట్టి, మ్యాక్ గాని ఐఫోన్ వినియోగదారులు గాని లేని ఆమెకు వీటి ప్రధాన లాభం అందదు. బ్రౌజర్‌లో నడిచే వెబ్ యాప్ మరొక మార్గం. సమాచారాన్ని చదివించడమే లక్ష్యమైన పనులకు, పలు రకాల పరికరాలకు చేరవలసిన పనులకు అదే మేలైనది. కాని సిగ్నల్ అందని చోట, బ్రౌజర్ సమాచారాన్ని పొరపాటున తుడిచివేసినా చెరగకుండా నిలవవలసిన డబ్బు లెక్కకు ఫోనులోనే స్థిరపడే యాప్ నయమని ఆమె నిర్ణయించింది.

ఆ విధంగా ఆండ్రాయిడ్ తేలిన తరువాత మిగిలిన భాషలు రెండే. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలో జేమ్స్ గోస్లింగ్ బృందం రూపొందించగా 1995లో వెలువడిన జావా మొదటిది. జెట్‌బ్రెయిన్స్ సంస్థ 2011లో పరిచయం చేసి 2016లో తొలి స్థిర రూపంగా విడుదల చేసిన కోట్లిన్ రెండవది. గూగుల్ 2017లో కోట్లిన్‌ను ఆండ్రాయిడ్‌కు అధికారిక భాషలలో ఒకటిగా గుర్తించి, 2019లో దానికే తొలి ప్రాధాన్యమని ప్రకటించింది. విలువ ఏదీ లేని స్థితిని నల్ అంటారు. లేని విలువను ఉన్నట్టు వాడబోయిన ప్రోగ్రాము నడుస్తూ నడుస్తూ కూలిపోతుంది. ఏ విలువ నల్ కావచ్చో రాసేటప్పుడే ప్రశ్న గుర్తుతో తెలపాలని కోట్లిన్ నియమం పెట్టడం వల్ల, ఇటువంటి దోషాలలో చాలా భాగం యాప్ ఫోనుకు చేరక ముందే, ప్రోగ్రామును యంత్ర రూపంలోకి మార్చే కంపైలర్ దగ్గరే పట్టుబడతాయి. పక్కన సరిదిద్దేవారు లేని అభ్యాసకురాలికి అటువంటి కంపైలర్ ఒక ఉపాధ్యాయునితో సమానం. పాత పాఠాలలో అధిక భాగం జావాలో ఉన్నందున ఆ భాషను చదివి అర్థం చేసుకునేంత వరకు ఆమె నేర్చుకున్నది. అయితే పాఠం వెలువడిన సంవత్సరాన్ని ముందు చూసుకోవడం కూడా అలవరచుకున్నది, ఎందుకంటే నేపథ్యంలో పనులు జరిపేందుకు ఆ పాఠాలు తరచు బోధించిన ఎసింక్‌టాస్క్ అనే పద్ధతిని 2020 నాటి ఆండ్రాయిడ్ 11 నుంచి గూగుల్ వాడవద్దంటున్నది.

భాష నిర్ణయమయ్యాక భారం యంత్రం మీద పడింది. ఆండ్రాయిడ్ యాప్‌లను రాసి, కట్టే సాధనమైన ఇప్పటి ఆండ్రాయిడ్ స్టూడియోకు కనీసం 8 జీబీ ర్యామ్ కావాలి. తెరపైనే ఒక ఫోనును సృష్టించి చూపే ఎమ్యులేటర్‌ను కూడా తెరిస్తే ఈ లాప్‌టాప్ ర్యామ్ అంతా నిండిపోయి, ఫ్యాను ఆగకుండా తిరిగేది. దీనికి ఖర్చు లేని పరిష్కారమున్నది: అసలు ఫోను సెట్టింగులలో బిల్డ్ నంబరును ఏడుసార్లు తాకితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి, అందులో యూఎస్‌బీ డీబగింగ్‌ను అనుమతించి, కేబుల్‌తో కలిపితే యాప్ నేరుగా ఫోనులోనే నడుస్తుంది. రైతులు వాడేటటువంటి తక్కువ ధర ఫోను మీదనే ప్రతి మార్పునూ చూసుకోవడం వల్ల ఆ యాప్ వారి చేతుల్లో ఎలా నడుస్తుందో మొదటి నుంచీ తెలుస్తూ వచ్చింది.

ఇక అసలైన చదువు భాషకు అతీతమైన చోట్ల జరిగింది. కంప్యూటర్ దశాంశ సంఖ్యలను రెండింటి ఘాతాలలో నిలుపుతుంది, 0.1 ఆ పద్ధతిలో పూర్తిగా ఇమడదు; అందువల్ల 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. డబ్బును రూపాయల దశాంశాలుగా కాక పైసల పూర్ణ సంఖ్యలుగా దాచాలన్న సూత్రం దీని నుంచే పుట్టింది. కోట్లిన్, జావా, స్విఫ్ట్, జావాస్క్రిప్ట్, డార్ట్ అన్నింటికీ అది వర్తిస్తుంది. అలాగే రైతుల పేర్ల పక్కన మొదటి అక్షరాన్ని ఒక వృత్తంలో చూపాలనుకుంటే, శ్రీనివాసులు అన్న పేరుకు కోట్లిన్ 'శ' మాత్రమే ఇస్తుంది. ప్రపంచ లిపులన్నింటికీ సంఖ్యలు కేటాయించే యూనికోడ్‌లో 'శ్రీ' అన్నది శ, పొల్లు, ర, గుడి దీర్ఘం అనే నాలుగు సంకేతాల కూర్పు కావడమే అందుకు కారణం. పొల్లు వెంట హల్లు వస్తే దానినీ, దానికి అంటిన గుణింతపు గుర్తునూ కలుపుకోవాలన్న చిన్న నియమాన్ని రాస్తే పూర్తి అక్షరం వస్తుంది, ఆ నియమం ఏ భాషలోకైనా తరలుతుంది. లెక్కలను దాచిన ఎస్‌క్యూలైట్ అనే సమాచార నిధి కూడా ఆండ్రాయిడ్‌లోనూ ఐఓఎస్‌లోనూ ఒకటే.

విడుదల నియమాలు కూడా వేదికలో భాగమే. గూగుల్ ప్లేలో ఖాతాకు 25 డాలర్లు ఒక్కసారి కడితే చాలు. ఆపిల్‌కు ఏటా 99 డాలర్లు కట్టాలి. 2023 నవంబరు తరువాత తెరిచిన వ్యక్తిగత ప్లే ఖాతాలవారు యాప్‌ను అందరికీ విడుదల చేయడానికి ముందు కొంతమందితో 14 రోజులు వరుసగా పరీక్ష జరపాలి. మొదట ఇరవైగా ఉన్న ఆ సంఖ్యను గూగుల్ తరువాత 12కు తగ్గించింది. ఎవరి కోసం కడుతున్నామో తెలిసి మొదలుపెట్టిన ఆమెకు పరీక్షకులను వెదకవలసిన పని పడలేదు. పాలు పోసే రైతులే, వారి పిల్లలే ఆ పని చేశారు.

కొత్తగా ఈ చదువుకు దిగేవారికి ఈ లాప్‌టాప్ చెప్పదలచినది ఇంతే. ఏ భాష గొప్పదన్న వాదం వినియోగదారు ఎవరో తెలియనంత కాలం తెగదు, తెలిసిన మరుక్షణం దాని అవసరమే ఉండదు. ఐఫోన్లు వాడేవారి కోసమైతే మ్యాక్ సమకూర్చుకుని స్విఫ్ట్ నేర్వాలి. రెండు వర్గాలకూ చేరవలసిన పనికి ఫ్లట్టర్ గాని రియాక్ట్ నేటివ్ గాని తగును. పల్లెలో సిగ్నల్ అందని పాల కేంద్రానికి ఆండ్రాయిడ్, కోట్లిన్ సరిపోయాయి. ఎంచుకున్న దారిలో ఒక యాప్‌ను పూర్తిచేసి, అవసరమున్న మనిషి చేతిలో పెట్టేదాకా రెండవ భాష వైపు చూడకపోవడమే ఉత్తమం. అలా పూర్తిచేసినవారికి పైసల లెక్క, అక్షరాల కూర్పు, సమాచార నిధి అప్పటికే వచ్చి ఉంటాయి కాబట్టి, రెండవ భాషలో వారు కొత్తగా నేర్వవలసినది రాసే తీరు, ఆ వేదిక సాధనాలు మాత్రమే.