వద్దన్న ఏజెంటుకే ముందు డబ్బివ్వండి

హైదరాబాద్‌లో ఫ్లాటు కొనబోతున్నామని చెప్పగానే చుట్టాలంతా ఒకే మాట అంటారు: బ్రోకర్‌ని మధ్యలోకి రానివ్వద్దు, ఓనర్‌తో నేరుగా మాట్లాడుకోండి, కమిషన్ మిగులుతుంది. నా సలహా దీనికి పూర్తిగా తలకిందులు. ముందు ఏజెంటుని కుదుర్చుకోండి, ఇల్లు తర్వాత వెతకొచ్చు. అతని కమిషన్ దగ్గర గీచి గీచి బేరమాడకండి. ఏమీ కొనకపోయినా డబ్బిస్తానని మొదటి రోజే చెప్పండి. అతను ఎన్ని ఇళ్ళు చూపించాడన్నది వదిలేసి, ఎన్నింటిని వద్దన్నాడో లెక్కపెట్టండి.

మిగతావన్నీ ఈ ఆఖరిదాన్నుంచే పుట్టాయి. మన దగ్గర మధ్యవర్తికి డబ్బు ఎప్పుడు ముడుతుంది? రిజిస్ట్రేషన్ అయిన రోజున. మామూలుగా అమ్మేవాళ్ళ దగ్గర ఒక శాతం, కొనేవాళ్ళ దగ్గర ఒక శాతం, కొన్నిచోట్ల రెండేసి. బేరం చెడితే రూపాయి రాదు. అలాంటప్పుడు లింకు డాక్యుమెంట్లలో ఒకటి కనబడటం లేదని అతనెందుకు నోరు విప్పుతాడు? మనిషి చెడ్డవాడు కానక్కర్లేదు, మనం డబ్బిచ్చే పద్ధతే అతని నోరు కట్టేస్తోంది. అందుకే తిరిగినందుకు ఇంత, కాగితాలు తెప్పించి చూసినందుకు ఇంత అని విడిగా మాట్లాడుకోండి. ఫలానా ఇల్లు వద్దని ఆధారంతో చూపిస్తే ఆ రోజే ఇచ్చేయండి. అమ్మేవాళ్ళ దగ్గర పైసా తీసుకోనని కాగితం మీద రాయించుకోండి. ఇదేమీ వింత కోరిక కాదు. అమెరికాలో 2024 ఆగస్టు నుంచి, కొనేవాళ్ళ తరఫు ఏజెంటు ఇల్లు చూపించే ముందే వాళ్ళతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలన్న నిబంధన అక్కడి రియల్టర్లకు వచ్చింది. ఈమధ్య డాలస్‌లో ఇల్లు కొన్న మీవాళ్ళెవరినైనా అడగండి, ఆ కాగితం ఎలా ఉంటుందో చెబుతారు.

ఇక కమిషన్ సంగతి. 80 లక్షల ఫ్లాటుకు ఒక శాతం అంటే 80 వేలు. అదే ఫ్లాటుకు తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి దాదాపు ఏడున్నర శాతం, అంటే ఆరు లక్షలు మాట్లాడకుండా కడతాం. ఇంకా నిర్మాణంలో ఉన్న ఫ్లాటైతే ఐదు శాతం జీఎస్టీ అదనం. ఇన్ని లక్షలు పోతుంటే, మన పక్షాన నిలబడే ఒక్క మనిషి దగ్గర మాత్రం పదివేలు తగ్గించమని గంటసేపు పంతం పడతాం. నాకు ఇది న్యాయంగా కనబడదు.

ఆ 80 వేలకు వచ్చేదేమిటి? ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే ఎవరు ఎవరికి అమ్మారో, ఎక్కడ తాకట్టు పెట్టారో తెలుస్తుంది. కానీ రిజిస్టర్ కానిదేదీ అందులో ఉండదు. ఆ స్థలం మొదట తాతగారిదని, ఆయనకు ముగ్గురు కొడుకులతో పాటు ఇద్దరు కూతుళ్ళున్నారని, వాళ్ళలో చిన్నావిడ పంపకాలప్పుడు సంతకం పెట్టలేదని ఈసీ చెప్పదు. ఆ వీధిలో ఏళ్ళ తరబడి ఇళ్ళు చూపిస్తున్న మనిషి చెబుతాడు. హిందూ కుటుంబాల ఉమ్మడి ఆస్తిలో పెళ్ళికాని ఆడపిల్లలకు పుట్టుకతోనే వాటా ఉందని అప్పటి ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది. 2005లో దేశమంతటా కూతుళ్ళందరికీ ఆ హక్కు వచ్చింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చేసింది. మా చెల్లెలు ఏమీ అనదులెండి అని ఓనరుగారు నవ్వుతూ చెప్పే మాట కోర్టులో నిలబడదు. ఆవిడ సంతకం కావాల్సిందేనని ఓనరు మొహం మీద చెప్పగల ఏజెంటు దొరికితే వదలకండి.

చెరువుల సంగతీ అంతే. 2024లో చెరువుల ఆక్రమణలపై హైడ్రా కూల్చివేతలు మొదలయ్యాక ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటి హద్దు), దాని చుట్టూ ఉండే బఫర్ అనే మాటలు అందరి నోటా వినబడుతున్నాయి. మ్యాపులో గీత చూడటం అవసరమే, అయితే 2020 అక్టోబరు వానలకు ఏ అపార్టుమెంటు సెల్లార్‌లో కార్లు మునిగాయో, ఏ నాలా పొంగిందో గుర్తున్న మనిషి పక్కన ఉండటం వేరు. ఇల్లు చూడటానికి ఎండాకాలంలో వెళ్ళకండి, ఏజెంటుతో కలిసి జోరువానలో వెళ్ళండి.

ఏజెంటుగా చుట్టాన్ని పెట్టుకోకండి. మేనమామ కొడుకు ఈ లైన్లోనే ఉన్నాడని వాడికే అప్పగిస్తాం. వాడు చూపించింది వద్దంటే పెళ్ళిళ్ళలో మొహాలు చూసుకోవడం కష్టమవుతుందని తలూపేస్తాం. నిర్మొహమాటంగా కాదనగలిగే బయటివాడే మేలు. అతని దగ్గర మీ బడ్జెట్ దాచకండి. ఎక్కువ చెబితే ధర పెంచేస్తాడన్న భయం అవతలి పక్షం మనిషి విషయంలో సరైనదే. మీ డబ్బుతో మీకోసం పనిచేసేవాడికి మాత్రం ఈఎంఐ ఎంత దాకా భరించగలరో, నాన్నగారు మెట్లెక్కగలరో లేదో అన్నీ చెప్పాలి.

స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో నమోదైన ప్రాజెక్టులో ఫ్లాటు ఇప్పించే ఏజెంటు తాను కూడా రెరాలో నమోదై ఉండాలి. 2016 చట్టం చెప్పిన మాట అది. ఆ నంబరు అడగండి, రెరా సైటులో మీరే వెతికి చూసుకోండి. నమోదు కావలసిన ప్రాజెక్టుకు నంబరు రాకముందే ప్రీ-లాంచ్ ఆఫర్ అంటూ ఎవరైనా మొత్తం సొమ్ము అడిగితే అక్కడితో మాట ఆపేయండి. నమోదు కాకుండా బుకింగులు తీసుకోవడమే నేరం. నమోదయ్యాక కూడా, అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు.

ఓనరు న్యూజెర్సీలో ఉంటే ఇంకో జాగ్రత్త. ఇక్కడి ఓనరైతే 50 లక్షలు, ఆపైన ధర పలికే ఇంటికి ఒక శాతం టీడీఎస్ కోసి కడితే సరిపోతుంది. ఎన్నారై అమ్ముతుంటే ఆ కోత చాలా ఎక్కువ. కోయకుండా మొత్తం పంపేస్తే ఆదాయపన్ను శాఖ అడిగేది మిమ్మల్నే. ఈ మాట బయానా ఇవ్వకముందే ఎత్తే ఏజెంటు, మిమ్మల్ని ఆడిటర్ దగ్గరికీ, సొంత లాయరు దగ్గరికీ తనే పంపుతాడు. బ్యాంకు వాళ్ళు లీగల్ చూశారుగా, ఇంకెందుకండీ అనేవాడితో అక్కడే లెక్క తేల్చుకుని, మరొకర్ని వెతుక్కోండి.